చేతిరుమాలు అడిగిన మనిషి

శ్రోతలకు నమస్కారం.

ఉద్యమం అనగానే మన కళ్ల ముందు బిగించిన పిడికిలి మెదులుతుంది. అందులో తప్పేమీ లేదు. అన్యాయం చూసి కోపం రానివాడు దాన్ని ఆపడానికి లేచి నిలబడడు కూడా. అయితే ఆ కోపం తప్పు మీద పడుతోందా, తప్పు చేసిన మనిషి మీద పడుతోందా? రెండూ వేరని చెప్పడం సులువే. నలుగురిలో మనల్ని తిట్టినవాడు ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు గుర్తుంచుకోవడమే కష్టం. అందుకే కరుణ పుట్టుకతో వచ్చే గుణమని నేను అనుకోను. ఈత లాగా, నీళ్లలో దిగి నేర్చుకోవలసిందే.

అమెరికాలోని నాష్‌విల్ నగరంలో దీన్ని నిజంగానే క్లాసులు పెట్టి నేర్పారు. అది 1959. అక్కడి పెద్ద షాపుల్లో నల్లజాతి వాళ్లు డబ్బిచ్చి సరుకులు కొనుక్కోవచ్చు. అదే షాపులో ఉన్న భోజనం కౌంటర్ దగ్గర మాత్రం కూర్చోకూడదు. జేమ్స్ లాసన్ అనే యువకుడు కాలేజీ విద్యార్థులను ఒక చర్చిలో కూర్చోబెట్టి శిక్షణ మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన మన నాగ్‌పూర్‌లో దాదాపు మూడేళ్లు ఉండి గాంధీజీ పద్ధతులను దగ్గర నుంచి తెలుసుకున్నాడు.

ఆ శిక్షణ ఎలా ఉండేదంటే, కొందరు కౌంటర్ దగ్గర కూర్చున్నట్టు కుర్చీల్లో కూర్చుంటారు. మిగతావాళ్లు మీద పడే గుంపు వేషం కడతారు. నోటికొచ్చినట్టు తిడతారు, ముఖాన సిగరెట్ పొగ ఊదుతారు, కుర్చీలోంచి తోసేస్తారు. కూర్చున్నవాళ్లు చెయ్యెత్తకూడదు, తిరిగి తిట్టకూడదు. ఇదంతా స్నేహితుల మధ్యే. అయినా తిట్టిన స్నేహితుడి ముఖంలోకి కోపం లేకుండా చూడటానికి ఎంత అలవాటు కావాలో ఊహించండి. ఇంకో సంగతి నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. గుంపు వేషం కట్టినవాళ్లకు ద్వేషం లోపలి నుంచి ఎలా ఉంటుందో కాసేపు తెలిసేది.

1960 ఫిబ్రవరిలో వాళ్లు నిజం కౌంటర్ల దగ్గరకు వెళ్లి కూర్చున్నారు. ఆ రోజుల్లోనే లాసన్ మీద ఒక కుర్రాడు ఉమ్మేశాడు. లాసన్ అతని వైపు తిరిగి, చేతిరుమాలు ఉందా అని అడిగాడు. ఏం చేస్తున్నాడో తెలిసేలోపే ఆ కుర్రాడు జేబులోంచి తీసి ఇచ్చేశాడట. లాసన్ ముఖం తుడుచుకుని, రుమాలు తిరిగిచ్చి, అతని మోటార్ సైకిల్ గురించి మాటలు కలిపాడు.

దీన్ని మెతకదనం అనుకోవద్దు. ఆ విద్యార్థులు ఒక్క కుర్చీ కూడా వదులుకోలేదు, అరెస్టయ్యారు, జైలుకెళ్లారు. ఏప్రిల్ 19న వాళ్ల లాయర్ ఇంటి మీద బాంబు పడింది. అదే రోజు వేల మంది నోరు మెదపకుండా సిటీ హాల్‌కు నడిచారు. మెట్ల మీద మేయర్‌ను డయాన్ నాష్ అనే విద్యార్థిని అడిగిన ప్రశ్న చూడండి. మీరు జాత్యహంకారి అని ఆమె అనలేదు. రంగును బట్టి మనిషి పట్ల వివక్ష చూపడం తప్పని మీకు అనిపించడం లేదా అని అడిగింది. మేయర్‌గా కాదు, మనిషిగా జవాబు చెప్పవలసిన ప్రశ్న అది. తప్పేనని ఆయన ఒప్పుకున్నాడు. మూడు వారాలకు, మే 10న, కౌంటర్లు తెరుచుకున్నాయి. నిందిస్తే మేయర్ తనను తాను సమర్థించుకునేవాడు. అడిగేసరికి ఆలోచించాడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. దెబ్బలు తిన్నవాళ్లను క్షమించమని బయటివాళ్లం అడగకూడదు. అది వాళ్ల ఇష్టం, వాళ్లకు పట్టినంత కాలం పట్టనివ్వాలి. గాయపడ్డవాళ్లకు కరుణ గురించి నీతులు చెప్పడం మరో రకం దెబ్బ. ఉద్యమంలో ఉన్నవాళ్ల మీద కూడా కాస్త దయ ఉండాలి. అలసిపోయినవాడు నాలుగు రోజులు ఇంటి దగ్గర ఉంటే ద్రోహి అని ముద్ర వేయకండి.

నాష్‌విల్ క్లాసుల్లో కూర్చున్నవాళ్లలో జాన్ లూయిస్ ఒకడు. 1961 మే నెలలో దక్షిణ కరోలినాలోని రాక్ హిల్ బస్ స్టేషన్‌లో, తెల్లవాళ్లకని కేటాయించిన గదిలోకి అడుగుపెట్టినందుకు ఆయన్ని రక్తం కారేలా కొట్టారు. కేసు పెడతారా అని పోలీసులు అడిగారు. వద్దన్నాడు.

2009లో, లూయిస్ పార్లమెంటు సభ్యుడిగా ఉన్నప్పుడు, ఎల్విన్ విల్సన్ అనే ముసలాయన కొడుకును వెంటబెట్టుకుని వాషింగ్టన్‌లో ఆయన ఆఫీసుకు వచ్చాడు. ఆ రోజు కొట్టినవాళ్లలో తానొకడినని చెప్పి, క్షమించమని అడిగాడు. అన్నేళ్లలో తనను కొట్టినవాళ్లెవరూ అలా వచ్చి అడగలేదు. లూయిస్ క్షమించానన్నాడు. ముసలాయన ఏడ్చాడు, కొడుకు ఏడ్చాడు, లూయిస్ కూడా ఏడ్చాడు. ఇద్దరూ కౌగిలించుకున్నారు. దెబ్బకూ ఆ కౌగిలికీ మధ్య గడిచింది 48 ఏళ్లు.