తేదీ పక్కనున్న లైను తెలుగులో ఎందుకు లేదు?

అందరికీ నమస్కారం, తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు విషయం ప్యాకెట్ల మీద వేసే తేదీలు. పాలు, పెరుగు, బ్రెడ్డు, చిన్నపిల్లల బిస్కెట్లు, ఇంట్లోకి వచ్చే సరుకులో చాలా భాగం మనం ఆ చిన్న అంకెల్ని నమ్మే కొంటున్నాం కదా, మరి ఆ అంకెలు మనకు ఏం చెబుతున్నాయో మనలో ఎంతమందికి తెలుసు?

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2024 సెప్టెంబర్‌లో దీని మీద ఒక చట్టం చేసింది, 2026 జులై 1 నుంచి అమల్లోకి వచ్చేలా. అక్కడ పసిపిల్లల పాలపొడికి తప్ప దేశం మొత్తానికీ వర్తించే తప్పనిసరి తేదీ అంటూ లేదు, అందువల్ల ఒక కంపెనీ ‘సెల్ బై’ అని, ఇంకో కంపెనీ ‘బెస్ట్ బై’ అని ఎవరికి తోచింది వాళ్లు వేసుకుంటూ వచ్చారు. ‘సెల్ బై’ అన్నది అంగడివాడి కోసం, సరుకు ఎప్పటిలోగా అమ్మెయ్యాలో అతనికి తెలియడానికి. జనం దాన్నే ఆఖరి తేదీ అనుకుని బాగున్న పాలు కూడా పారబోసేవాళ్లు. ఇప్పుడు రెండే మాటలు ఉంచారు. రుచి తగ్గుతుంది అనే సంగతైతే ‘బెస్ట్ ఇఫ్ యూజ్డ్ బై’, తింటే ప్రమాదం అనే సంగతైతే ‘యూజ్ బై’. కొనేవాళ్లకు కనబడేలా ‘సెల్ బై’ వెయ్యకూడదు.

మనకు చట్టం లేదనుకోకండి, ఉంది, గట్టిగానే ఉంది. దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం తయారైన తేదీ లేదా ప్యాక్ చేసిన తేదీ ఒకటి, ఎక్స్‌పైరీ లేదా యూజ్ బై తేదీ ఒకటి, రెండూ వెయ్యాల్సిందే, అదీ పక్కపక్కనే ఒకేచోట. మూడు నెలల్లోపే నిల్వ ఉండే సరుకైతే రోజు, నెల, సంవత్సరం మూడూ ఉండాలి. ఎక్స్‌పైరీ అంటే ఆ తర్వాత తినకూడదని, ‘బెస్ట్ బిఫోర్’ అంటే అప్పటిదాకా రుచి, నాణ్యత బాగుంటాయని. ఈ ‘బెస్ట్ బిఫోర్’ అన్నది కంపెనీ ఇష్టం, అదనంగా వేసుకోవచ్చు. పంచదార, వెనిగర్ లాంటి కొన్నిటికి మాత్రం ఎక్స్‌పైరీ అక్కర్లేదు.

కానీ మన తిరుపతి బైరాగిపట్టెడలోనో కొర్లగుంటలోనో ఏదైనా చిన్న అంగట్లో నాలుగు ప్యాకెట్లు తిప్పి చూడండి. ఒకదాని మీద ‘ప్యాక్ చేసిన ఆరు నెలల్లోపు’ అని ఉంటుంది, ప్యాక్ చేసిన తేదీ ఎక్కడో సీలు మడతలో ఉంటుంది, మనమే వెతుక్కుని వేళ్ల మీద లెక్కేసుకోవాలి. ఇంకోదాని మీద మెరిసే వెండి రంగు కాగితం, దాని మీద లేత నలుపు అంకెలు, చేత్తో రుద్దితే పోతాయి.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది భాష. లేబుల్ మీద తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉంటే చాలు. వేరే భాషలో అదనంగా వేసుకోవచ్చు, ఎవరూ కాదనరు, కానీ వెయ్యాలని బలవంతం లేదు. అంటే చిత్తూరులోనే తయారై చిత్తూరులోనే అమ్ముడుపోయే ప్యాకెట్ మీద కూడా తెలుగు ముక్క ఒక్కటీ లేకపోయినా అది చట్టప్రకారం సరైన ప్యాకెట్టే. మన అమ్మమ్మలు అంకెలు చదవగలరు. రెండు తేదీలు కనబడితే ఏది మొదటిది, ఏది ఆఖరిది అన్నదైనా ఊహిస్తారు. కానీ ఆ పక్కనే ఉండే లైను, ‘ఐదు డిగ్రీలలోపు ఉంచాలి’, ‘తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో వాడాలి’ లాంటి లైను, దాన్ని ఊహించడం ఎవరి వల్లా కాదు.

అసలు సంగతంతా ఆ లైనులోనే ఉంది. తేదీ అనేది కంపెనీ ఇచ్చే మాట, కానీ షరతు పెట్టి ఇచ్చే మాట. ప్యాకెట్ తెరవకుండా ఉండాలి, చెప్పిన చల్లదనంలో ఉండాలి, అప్పుడే ఆ తేదీకి విలువ. మన తిరుపతి ఎండలు నలభై డిగ్రీలు దాటతాయి. తెల్లవారుజామున పాల క్రేట్లు అంగడి ముందు దించేసి వెళ్తారు, షట్టర్ తీసేసరికి ఎండ పడుతూ ఉంటుంది. ఐదు నుంచి అరవై డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు జోరుగా పెరుగుతాయి. అలా ఎండలో ఉన్న ప్యాకెట్ మీద రేపటి తేదీ ఉంటే మాత్రం ఏం లాభం? కరెంటు బిల్లు ఎక్కువవుతుందని రాత్రిపూట ఫ్రిజ్ ఆపేసే అంగళ్లు కూడా ఉన్నాయి, నేను అందరినీ అనడం లేదు, కానీ పెరుగు ప్యాకెట్ ఉబ్బి ఉన్నా, ఐస్‌క్రీమ్ ఆకారం పోయి మళ్లీ గట్టిపడినట్టున్నా తేదీ చూడాల్సిన పనే లేదు, అక్కడే పెట్టేసి రండి.

ఇంట్లో కూడా ఇదే కథ. టెట్రా ప్యాక్ పాలకు నెలల గడువు ఉంటుంది, ఫ్రిజ్ కూడా అక్కర్లేదు, కానీ అది కత్తిరించనంత వరకే. కత్తిరించాక అవి మామూలు పాలే. చిన్న పని చెప్తాను, సాస్ సీసా అయినా మామిడి గుజ్జు డబ్బా అయినా తెరిచిన రోజు తేదీని దాని మీద పెన్నుతో రాసి పెట్టండి. ఇంకొకటి, ‘బాగా మరగబెడితే ఏం కాదులే’ అనే మాట చాలా ఇళ్లలో వింటాం. వేడికి సూక్ష్మజీవులు చావచ్చు, కానీ కొన్ని రకాలు అప్పటికే వదిలిన విషం వేడికి పోదు. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంటే జరిగేది అదే, మళ్లీ వేడి చేసినా వాంతులు తప్పకపోవచ్చు.

అలాగని అన్నిటికీ భయపడి పారెయ్యమని కాదు. బెస్ట్ బిఫోర్ దాటిన రస్కు కాస్త మెత్తబడి ఉండచ్చు, విషం అయిపోదు. ఐక్యరాజ్యసమితి లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్లలోనే. అందుకే పాలు, పనీర్, మాంసం లాంటివాటి దగ్గర ఒక్కరోజు కూడా బేరం వద్దు, పొడి సరుకు దగ్గర మాత్రం బెస్ట్ బిఫోరా, ఎక్స్‌పైరీయా అన్నది చదివి నిర్ణయించుకోండి. ఈ తేడా స్కూల్లో ఆరో తరగతి పిల్లలకు ఒక్క పీరియడ్‌లో చెప్పెయ్యచ్చు, వాళ్లే ఇంట్లో అవ్వలకు చదివి చెబుతారు.

అంగట్లో గడువు దాటిన సరుకు అంటగడితే మాత్రం ‘పోనీలే’ అనకండి. ఆహార భద్రత చట్టం 2006లోని 27వ సెక్షన్ ప్రకారం దానికి అమ్మినవాడిదే బాధ్యత. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే, సరుకు చేతికి వచ్చేనాటికి గడువులో కనీసం 30 శాతం గానీ 45 రోజులు గానీ మిగిలి ఉండాలని 2024 నవంబర్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ కంపెనీలకు చెప్పింది. బిల్లు దాచండి, తేదీ, బ్యాచ్ నంబరు, పద్నాలుగు అంకెల లైసెన్స్ నంబరు కనబడేలా ఫొటో తియ్యండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు పెట్టచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యచ్చు.

తేదీ, దాని పక్కన నిల్వ లైను, ఈ రెండూ తెలుగులో తప్పనిసరి చెయ్యమని మనం అడగాలి, మిగతా లేబుల్ ఏ భాషలో ఉన్నా సరే. మీ ఇంట్లో ఇప్పుడున్న ప్యాకెట్లు తిప్పి చూసి, ఆ రెండూ తెలుగులో ఉన్నవి ఎన్ని దొరికాయో కింద కామెంట్లలో రాయండి, ఏ ఊరో కూడా రాయండి.