మార్కరు పట్టుకోగానే చేయి ఆగిపోతోంది

(అనంతపురం స్టూడియో నుంచి ఉద్యోగార్థుల కోసం ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: గుంతకల్లు నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా. ముందు మీ దగ్గర రేడియో కాస్త తగ్గించండి, గొంతు రెండుసార్లు వినిపిస్తోంది.

శ్రోత: తగ్గించాను మేడమ్. నమస్కారం సార్. పోయిన నెల బెంగళూరులో ఇంటర్వ్యూకి వెళ్లాను. బైనరీ సెర్చ్, అదే క్రమంలో ఉన్న జాబితాను సగం సగం చేస్తూ వెతికే ప్రోగ్రాము, బోర్డు మీద రాయమన్నారు. ఇంట్లో కంప్యూటర్ మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అక్కడ ఎదురుగా ముగ్గురు. మొదటి వరుస తిన్నగానే వచ్చింది, రెండోది కిందికి వాలింది, నాలుగో వరుస దగ్గర ఒకాయన గడియారం చూసుకున్నారు. అంతే, చేయి ఆగిపోయింది. నాకు ప్రోగ్రామింగ్ రానట్టేనా సార్?

నిపుణుడు: వెయ్యి పేర్లు అక్షర క్రమంలో ఉన్నాయి. ఒక పేరు వెతకాలి. గట్టిగా ఎన్నిసార్లు చూడాలి?

శ్రోత: పదిసార్లు సార్. ప్రతిసారీ సగం తీసేస్తాం కదా.

నిపుణుడు: చూశారా, తడుముకోకుండా చెప్పారు. ఇప్పుడు మీ ఎదుట గడియారం చూసుకునేవారు లేరు మరి! 2020లో అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 48 మంది విద్యార్థులతో దీన్నే పరీక్షించారు. కొందరు పరీక్షకుడి ఎదుట వివరిస్తూ బోర్డు మీద రాశారు, కొందరు గదిలో ఒంటరిగా రాశారు. ఎదుట మనిషి ఉన్నవాళ్ల ఫలితం సగానికి పైగా పడిపోయింది.

వ్యాఖ్యాత: అయితే ఆ బోర్డు ఎందుకండీ, తీసేయవచ్చుగా?

నిపుణుడు: పూర్తిగా తీసేయమనను. నేనూ ఇంటర్వ్యూ చేసేవారి కుర్చీలో కూర్చున్నవాణ్ణే. పెట్టెలు గీసి, బాణాలు వేసి, ఏ భాగం దేనితో మాట్లాడుతుందో చర్చించడానికి బోర్డును మించింది లేదు. దాని మీద రాసిన కోడ్‌లో సెమీకోలన్లు లెక్కపెట్టడమే అన్యాయం. ఈ బైనరీ సెర్చ్‌నే తీసుకోండి. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో అందరూ వాడుకునే సిద్ధ కోడ్ ఉంటుంది, దాన్ని లైబ్రరీ అంటారు. అందులో బైనరీ సెర్చ్ రాసిన జాషువా బ్లాక్, అందులో ఏళ్ల తరబడి తప్పు దాగి ఉందని 2006లో తానే చెప్పారు. మధ్య స్థానం కోసం రెండు చివరలనూ కూడితే, జాబితా మరీ పెద్దదైనప్పుడు ఆ కూడిక ఫలితం, ప్రోగ్రాములో ఆ సంఖ్యకు ఉన్న పరిధిని దాటిపోతుంది. అంతటివారికే తప్పలేదు.

శ్రోత: వచ్చే వారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది సార్. ఏం చేయమంటారు?

నిపుణుడు: కంప్యూటర్ మూసేయండి. గోడకు పాత క్యాలెండరు తిరగేసి తగిలించి, నిలబడి రాయండి. కోడ్ కంటే ముందు ఐదారు అంకెలు వేసుకుని, వాటి మీద వేలు పెట్టి ఒక్కో మెట్టూ బయటికి చెబుతూ సాగండి. ఆగిపోతే ‘ఇక్కడ ఆలోచిస్తున్నాను’ అనండి. ఆ మాటకు మార్కులు తగ్గించినవారిని నేను చూడలేదు, మౌనానికి తగ్గించినవారిని చూశాను. ఇంట్లో ఎవరినైనా ఎదుట కూర్చోబెట్టుకోండి.

శ్రోత: అమ్మ ఉంది సార్, వేరుశనక్కాయలు ఒలుస్తోంది. ఆమెకు ఇవేవీ తెలియవు.

నిపుణుడు: మరీ మంచిది. ఆమెకే చెప్పండి.

శ్రోత: ఇప్పుడే అడుగుతోంది సార్... ఆ పేర్లు అక్షర క్రమంలో లేకపోతే ఏం చేస్తారని.

నిపుణుడు: (నవ్వుతూ) ఆ ముగ్గురూ అడగాల్సిన ప్రశ్న అది. ఫోను అమ్మకివ్వండి.