ఆ రాయిని పేల్చాల్నా, నెట్టాల్నా?

(నల్లగొండలోని ఒక కేబుల్ ఛానల్ స్టూడియోలో జరిగిన చర్చ. పాల్గొన్నవారు: రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్, గ్రానైట్ క్వారీల్లో బ్లాస్టింగ్ చేయించిన మేస్త్రి. ప్రకటనలు తీసేశాం, మాటలు అన్నవి అన్నట్టే ఉంచాం.)

యాంకర్: నమస్కారం. 2025 ఫిబ్రవరిల అందరి ఫోన్లల్ల ఒకటే మెసేజ్. 2032ల ఆకాశంలకెల్లి రాయి పడ్తది, మన దిక్కే పడ్తదని. ఎంత నిజం మేడం?

లెక్చరర్: సగం నిజం. దాని పేరు 2024 వైఆర్4. 2024 డిసెంబర్ 27న చిలీలోని అట్లాస్ టెలిస్కోప్‌కు దొరికింది. అప్పటికే అది మన పక్కనుంచి దాటిపోయి రెండు రోజులు. 2032 డిసెంబర్ 22న భూమిని తాకే అవకాశం 3.1 శాతం దాకా పోయింది. పడితే పడొచ్చన్న చోట్లలో దక్షిణాసియా కూడా ఉండె. తర్వాత కొద్దిరోజులకే కొత్త కొలతలొచ్చి, భూమికి ముప్పు లేదని తేలింది. ఆ మెసేజ్ మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలే.

మేస్త్రి: మా మనుమడు నాక్కూడ చూపెట్టిండు. గంత భయమెందుకురా, నాలుగు హోల్స్ కొట్టి మందు నింపితే ముక్కలైతది అన్న.

యాంకర్: ఇంకేంది, ప్రోగ్రాం అయిపోయినట్టే! (నవ్వులు)

లెక్చరర్: అన్నా, మీరే చెప్పండి. పగుళ్లున్న రాయిలో మందు పెడితే ఏమైతది?

మేస్త్రి: మందు దండుగ. గ్యాసంతా పగుళ్లల్లకెల్లి బయటికి పోతది, రాయి అట్లనే కూసుంటది. మొరంల పెడితే ఇంకా అధ్వానం. బుస్సుమంటది, దుమ్ము లేస్తది, గంతే.

లెక్చరర్: చాలా గ్రహశకలాలు, అంటే సూర్యుడి చుట్టూ తిరిగే ఇట్లాంటి రాళ్లు, ఆ మొరం కుప్పల్లాంటివే. బండలు, కంకర, మధ్యలో ఖాళీలు. వాటిని పట్టి ఉంచేది వాటి సొంత ఆకర్షణ, అదీ చాలా తక్కువ. 2020లో నాసా నౌక ఒసైరిస్-రెక్స్ బెన్ను అనే గ్రహశకలం మీద మన్ను తీయడానికి చెయ్యి ఆనిస్తే, అది అర మీటరు లోపలికి దిగబడింది.

మేస్త్రి: అయితే పేలిస్తే దెబ్బ మింగుతది.

లెక్చరర్: మింగొచ్చు. లేదా ముక్కలై, అవన్నీ మన మీదికే రావొచ్చు. అందుకే నెట్టుడు.

యాంకర్: నెట్టి చూసిన్రా ఎవరన్న?

లెక్చరర్: చూశారు. డార్ట్ అనే నౌకను నాసా పంపింది. 2022 సెప్టెంబర్ 26న, మన టైం ప్రకారం 27 తెల్లవారుజామున, డైమార్ఫస్ అనే 160 మీటర్ల రాయిని గుద్దింది. సెకనుకు ఆరు కిలోమీటర్ల పైచిలుకు వేగం. డైమార్ఫస్ ఇంకో పెద్ద రాయి చుట్టూ తిరుగుతది. ఒక చుట్టు 11 గంటల 55 నిమిషాలు పట్టేది, దాదాపు 33 నిమిషాలు తగ్గింది. 73 సెకన్లు మారినా పాసైనట్టే అనుకున్నారు.

మేస్త్రి: డబ్బా బరువెంత?

లెక్చరర్: ఆరు వందల కిలోలకు తక్కువే.

మేస్త్రి: గా డబ్బ గంత గుట్టను కదిలిచ్చిందా?

లెక్చరర్: ఒక్క డబ్బా కాదు. గుద్దగానే రాళ్లు, దుమ్ము వెనక్కి ఎగిరినయ్. అవి ఎగురుతూ తన్నిన తన్ను కూడా కలిసింది. మొత్తం తోపు డబ్బా ఒక్కటే ఇచ్చేదానికి మూడున్నర రెట్లు.

మేస్త్రి: ఎగిరిన రాళ్లెటు పోయినయ్ మేడం? మేం సైరన్ కొట్టి, అందర్ని దూరం పంపి, రాళ్లు ఎంత దూరం ఎగుర్తయో చూసుకున్నంకనే ఫైర్ చేస్తం.

లెక్చరర్: దీన్ని స్టూడెంట్లు కూడా అడగరు. హబుల్ టెలిస్కోప్‌కు 37 బండలు కనిపించినయ్, మీటరు నుంచి ఏడు మీటర్ల దాకా. వాటితో మనకు ప్రమాదం లేదు. నిజంగా మనవైపు వచ్చేదాన్ని గుద్దాలంటే మాత్రం మీ లెక్కే ముందు చూడాలి. డైమార్ఫస్‌కు ఎంత గుంత పడిందో చూడడానికి యూరప్ వాళ్ల నౌక హేరా 2024 అక్టోబర్‌లో బయల్దేరింది.

యాంకర్: అచ్చంపేట నుంచి ఫోన్ ఉంది. చెప్పండన్నా.

కాలర్: నమస్తే. యురేనియం తవ్వొద్దని మా నల్లమలల కొట్లాడితే 2019ల అసెంబ్లీ తీర్మానం చేసింది. ఇప్పుడు ఆకాశంల అణుబాంబు పేలుస్తరంట గదా?

లెక్చరర్: టైం లేకపోతేనో, రాయి మరీ పెద్దదైతేనో వాడే ఆఖరి ఆలోచన అది. అదీ రాయిలో పెట్టరు, పక్కన పేలుస్తరు. ఎక్స్-కిరణాల వేడికి ఒక వైపు పైపొర ఆవిరై ఎగిరితే, రాయి రెండో వైపు జరుగుతది. కానీ అంతరిక్షంలో అణు పేలుళ్లను 1963 ఒప్పందం నిషేధించింది, కక్ష్యలో అణ్వాయుధాలు పెట్టడాన్ని 1967 ఒప్పందం. ఎవరు పేల్చాలి, ఎవరు ఒప్పుకోవాలి? అక్కడే ముడిపడతది.

యాంకర్: లేజర్లు, తెల్లరంగు పూసుడు అని కూడా విన్నం.

లెక్చరర్: కాయితం మీద ఉన్నయ్. పక్కన ఒక నౌకను నిలిపి, దాని ఆకర్షణతోనే మెల్లగ లాగుడు కూడా ఉంది, 2005లో ఇద్దరు వ్యోమగాములు చెప్పిన ఉపాయం. ముక్కలయ్యే భయం ఉండదు, ఏండ్లు పడతది. ఏ పద్ధతికైనా కావాల్సింది టైం. భూమి సెకనుకు 30 కిలోమీటర్లు పోతుంది. తన వెడల్పంత దూరం దాటడానికి ఏడు నిమిషాలు. ఆ రాయి ఏడు నిమిషాలు లేటొస్తే చాలు. పదేండ్ల ముందు దాని వేగం సెకనుకు ఒక్క సెంటీమీటరు మార్చినా, సూటి లెక్కలోనే మూడు వేల కిలోమీటర్లు జరుగుతది. కక్ష్య కూడా మారుతది గనక అంతకు మూడింతల దాకా. అదే తోపు పది రోజుల ముందైతే? తొమ్మిది కిలోమీటర్లు కూడా కాదు.

మేస్త్రి: నల్లగొండ మీద పడేది నకిరేకల్ దాక కూడ పోదు.

లెక్చరర్: అదే! భూమి దగ్గరికొచ్చే గ్రహశకలాల్లో 140 మీటర్లు, ఆపైన ఉన్నవాటిలో సగానికి పైగా ఇంకా దొరకనే లేదు. బాంబుల గురించి మాట్లాడినంతసేపు టెలిస్కోపుల గురించి మాట్లాడం మనం. 2013 ఫిబ్రవరి 15న రష్యాలో చెల్యాబిన్స్క్ మీద పేలింది 20 మీటర్లదే. సూర్యుడి వైపు నుంచి వచ్చింది, ముందుగా ఎవరూ చూడలే. దాదాపు 1,500 మందికి దెబ్బలు, ఎక్కువ అద్దాలు గుచ్చుకునే. మెరుపు చూసి కిటికీల దగ్గరికి ఉరికొచ్చారు. చప్పుడు నిమిషం దాటినంక వచ్చింది.

మేస్త్రి: ఫైర్ అన్నంక తల బయటికి పెట్టినోన్ని మేం ముందుగాల తిడ్తం. మెరుపు కనవడితే గోడ చాటుకు పోవాలె, అద్దం కాడికి కాదు.

యాంకర్: అన్నా, టైం అయిపోయింది. ఇక వార్తలు.