నూనె బొట్టు దగ్గర మొదలుపెడదాం

అందరికీ నమస్కారమండి. తాపేశ్వరం, ఆత్రేయపురం, అంబాజీపేట వైపు నుంచి కూడా వచ్చారు. కాజా, పూతరేకు, కొబ్బరి, పచ్చడి, పొడులు చేసేవాళ్లందరికీ కలిపి ఫలానా ప్యాకింగ్ మెషీన్ కొనండని చెప్పలేను. నా చేతి మీదుగా జరిగిన ఒక పొరపాటు చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఒక ఆవకాయ యూనిట్‌లో పౌచ్‌లు నింపే పిస్టన్ ఫిల్లరూ, సీలింగ్ మెషీనూ బిగించాను. లైను జోరుగా నడిచింది, ఓనరుగారు సంతోషించారు. పది రోజులకి లోడు వెనక్కి వచ్చింది. అట్టపెట్టెల అడుగున ఎర్రటి నూనె. ఒక పౌచ్ తీసి వెలుతురుకి పెట్టి చూస్తే, సీలు గీతలో చిన్న ఆవపిండి నలుసు, దాని పక్కన వెంట్రుకవాసి దారి. నింపే గొట్టం, అదే నాజిల్, పైకి లేచేటప్పుడు చివర వేలాడిన బొట్టు సరిగ్గా సీలు పడే చోట అంటుకుంది. ప్లాస్టిక్ కరిగి ప్లాస్టిక్‌కి అతుక్కోవాలి, మధ్యలో నూనె చేరితే ఆ అతుకు నిలవదు. వేగం చూసుకున్నాను గానీ బొట్టు చూసుకోలేదు.

తర్వాత చేసినవి చిన్న పనులే. నాజిల్ పౌచ్ లోపలిదాకా దిగేలా, నింపగానే దాని మూతి మూసుకునేలా మార్చాం. టెంక ఉన్న ముక్కలు పిస్టన్‌లో ఇరుక్కుంటున్నాయి కాబట్టి వాటిని చేత్తోనే తూచి పౌచ్‌లో పెట్టించి, పైన ఊట మాత్రం మెషీన్‌తో పోయించాం. లైను కాస్త నెమ్మదించింది. లీకులు ఆగాయి.

సీలుకి వేడి, ఒత్తిడి, సమయం మూడూ కుదరాలి. వేగం పెంచితే, కవరుని నొక్కి అతికించే మెషీన్ దవడలు పట్టి ఉంచే సమయం తగ్గుతుంది. అప్పుడు చాలామంది వేడి పెంచేస్తారు. కవరు ముడతపడి, సీలు పక్కనే పలచబడి చిరుగుతుంది. వేగం మార్చిన ప్రతిసారీ మూడూ మళ్లీ సరిచూసుకోండి.

పొడుల వాళ్లకి మన వానాకాలమే పెద్ద టెన్షన్. ఆగర్ ఫిల్లర్ పొడిని తూచదు, స్క్రూ తిరిగిన చుట్లను బట్టి కొలుస్తుంది. ముసురు పట్టి కారప్పొడి గడ్డకడితే అవే చుట్లకి తక్కువ పడుతుంది. తూకం తగ్గుతుందన్న భయంతో ఎక్కువ పెట్టేస్తాం. 250 గ్రాముల ప్యాకెట్‌లో 5 గ్రాములు అదనంగా పోతే, 2,000 ప్యాకెట్లకి రోజుకి 10 కిలోలు! 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం ఈ సైజు ప్యాకెట్‌కి 9 గ్రాముల వరకు తేడా ఒప్పుకుంటారు. అలాగని అన్నీ తక్కువే పెడితే కుదరదు, సగటున రాసినంత బరువు ఉండాలి. అందుకే ఫిల్లర్ తర్వాత ప్రతి ప్యాకెట్‌నీ తూచి చూసే చెక్‌వేయర్ ఒకటి పెట్టి, తేడా రాగానే చుట్లు సరిచేసుకోవాలి. నింపే గదిలో తేమ తగ్గించుకోవడం దానికంటే ముందు పని.

2020లో కేంద్రం తెచ్చిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో 35 శాతం, 10 లక్షలకు మించకుండా సబ్సిడీ పెట్టారు. అది చూసి నేరుగా పెద్ద లైనుకే వెళ్లిపోయినవాళ్లు నాకు తెలుసు. మీ దగ్గర పని ఎక్కడ ఆగుతోందో వారం రోజులు రాసుకుని, అక్కడికి సరిపడా మెషీన్ మాత్రమే కొనండి.

పూతరేకుల విషయంలో నా మాట కాస్త గట్టిగానే ఉంటుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ, అంటే ఆ ఊరి సరుకన్న భౌగోళిక గుర్తింపు వచ్చింది, చాలా సంతోషం. బోర్లించిన కుండ మీద రేకు తీసి మడిచే ఆ ఆడవాళ్ల చేతుల జోలికి మెషీన్‌ని తీసుకురావద్దు. కవరు సీలింగ్, తేదీ ముద్ర దానికి ఇవ్వండి, చాలు. పచ్చళ్ల యూనిట్లలో కూడా ఏళ్ల తరబడి నింపిన అక్కలకి తూకం చూపులోనే తెలుస్తుంది. మెషీన్ వచ్చిందని వాళ్లని ఇంటికి పంపకండి, సీలు పరీక్షకి కూర్చోబెట్టండి. పొరపాటు అందరికంటే ముందు వాళ్లకే కనిపిస్తుంది.

బయట బల్ల మీద బకెట్ నీళ్లు పెట్టించాను. పౌచ్‌లు తెచ్చుకున్నవాళ్లు ముంచి, చేత్తో నొక్కి చూడండి. బుడగ వచ్చిన చోట పెన్నుతో గుర్తుపెట్టి నా దగ్గరికి తీసుకురండి. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను.