నచ్చడానికి తొందరపడని సెంటు

అందరికీ నమస్కారం.

మీ చేతికి వచ్చిన కాగితపు పట్టీ మీద ఉన్నది మిత్సుకో, అదీ ఒక పాత సీసాలోది. ఫ్రాన్స్‌లోని గెర్లాన్ కంపెనీ 1919లో తెచ్చిన సెంటు ఇది. తయారుచేసినవాడు జాక్ గెర్లాన్. కొందరు అప్పుడే ముఖం చిట్లించారు. తప్పేం లేదు. ఇప్పుడు షాపుల్లో దొరికేవి చాలామటుకు మొదటి నిమిషంలోనే బిల్లు వేయించేలా తీయగా ఉంటాయి. దీనికి ఆ తొందర లేదు. మాట్లాడుతూ ఉంటాను, మీరు మధ్యమధ్యలో వాసన చూస్తూ ఉండండి.

దీన్ని షీప్ర్ కుటుంబం అంటారు. ఆ పేరుతో అంతకుముందూ సెంట్లున్నాయి గానీ, తర్వాతివాళ్ళంతా ఒరవడిగా పెట్టుకున్నది 1917లో ఫ్రాన్స్వా కోటీ తెచ్చినదాన్నే. పైన, అంటే ముందుగా ముక్కుకు తగిలేది, బెర్గమాట్. ఇటలీలోని కలాబ్రియాలో పండే నిమ్మజాతి కాయ తొక్క నూనె. మధ్యలో పూలు. అడుగున, అంటే చివరిదాకా మిగిలేది, లాబ్డనమ్ అనే బంక, దానికి తోడు ఓక్‌మాస్. పైన వెలుతురు, కింద చీకటి. రెంటికీ పడదు. ఆ పడకపోవడమే షీప్ర్.

ఓక్‌మాస్ దగ్గర కాస్త ఆగాలి. అది నాచు కాదు, ఓక్ చెట్ల బెరడు మీద పెరిగే లైకెన్. శిలీంధ్రమూ శైవలమూ కలిసి చేసే కాపురం. బాల్కన్ దేశాల అడవుల్లో ఏరుకొచ్చి, సాల్వెంట్‌తో సారం తీస్తారు. తడిసిన బెరడు, మట్టి, సిరా, కాస్త చేదు, ఇదీ దాని వాసన. ఇలాంటిది మన వంటింట్లోనూ ఉంది. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. కనౌజ్‌లో శమామా అత్తరు కాచేవాళ్ళు ఛరీలా అని వాడేదీ ఆ జాతిదే.

ఈ చేదు మీద జాక్ గెర్లాన్ పీచ్ పండు వాసన వేశాడు. పండులోంచి తీసింది కాదు, ల్యాబ్‌లో చేసిన గామా అన్‌డెకాలాక్టోన్. దాన్ని ఆల్డిహైడ్ సి-14 అంటారు, అసలు అది ఆల్డిహైడే కాదు. సరే, వాసన మాత్రం పీచ్‌దే. మిత్సుకోలో పండు ఉంటుంది గానీ నోరూరదు. తీపి నాలుక దాకా రాకుండా ఓక్‌మాస్ అడ్డుపడుతుంది. నన్ను కట్టిపడేసింది అదే.

తర్వాతివాళ్ళు ఎవరి దారి వాళ్ళు పట్టారు. ఒక్క 1944నే చూడండి. రోషా కంపెనీకి ఎడ్మండ్ రుద్నిట్‌స్కా చేసిన ‘ఫామ్’ అనే సెంటులో మగ్గిన పండూ మసాలా దినుసులూ. పిగే కంపెనీకి జెర్మైన్ సెలియే చేసిన బాండిట్‌లో కరకు తోలు వాసన. రెండూ షీప్ర్‌లే.

ఇక గొడవ సంగతి. ఓక్‌మాస్‌లోని అట్రనాల్, క్లోరోఅట్రనాల్ కొందరి చర్మానికి అలర్జీ తెస్తాయి. యూరోపియన్ యూనియన్ 2017లో వాటి మీద నిషేధం తెచ్చింది. 2021 ఆగస్టు తర్వాత అవి ఉన్న సరుకు అక్కడ అమ్మకూడదు. ఇప్పుడు ఆ రెండూ తీసేసిన ఓక్‌మాస్ వాడుతున్నారు. సెంటు ప్రియులకు కోపం వచ్చింది. నాకూ బాధే, కానీ దద్దుర్లతో బాధపడేవాళ్ళతో వాదించలేను కదా.

అందుకే పాత సీసాల కోసం అంత వెతుకులాట. ఇక్కడ నాకో పేచీ ఉంది. సీసాలో ముందు పాడయ్యేది బెర్గమాట్. అడుగున ఉన్న ఓక్‌మాస్, లాబ్డనమ్ గట్టి పిండాలు. కాబట్టి పాత మిత్సుకో మూత తీయగానే పులిసిన వాసనో, మందకొడి వాసనో కొట్టి, గబగబా చీకట్లోకి దిగిపోతుంది. ‘ఆహా, ఎంత గాఢం!’ అంటాం. ఆ గాఢతలో కొంత గెర్లాన్‌ది, కొంత వయసుది. 1919లో కొన్నవాళ్ళకు ఇంతకంటే మెరుపుగానే తగిలి ఉంటుంది.

కొనాలనుకుంటే డబ్బాతో సహా ఉన్న సీసా చూడండి. వెలుతురూ వేడీ సెంటుకు శత్రువులు. మన ఎండాకాలంలో కిటికీ పక్కన పెడితే ఎంత ఖరీదైనదైనా దండగే. పాత షీప్ర్ తాజాగా ఎలా ఉండేదో తెలియాలంటే వెర్సాయ్‌లోని ఓస్మోతెక్‌కి వెళ్ళాలి. 1990లో మొదలైన ఆ సంస్థ కోటీ షీప్ర్‌ను పాత ఫార్ములా ప్రకారం మళ్ళీ చేయించి, సీసాల్లో ఆర్గాన్ వాయువు నింపి, చల్లటి చీకటి గదిలో భద్రపరుస్తోంది. పారిస్ పక్కనే, ఒక పూట చాలు.

ప్రశ్నలుంటే అడగండి.