రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు
(కడపలో జరిగిన ఒక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఆచార్యులకు, పరిశ్రమల ప్రతినిధులకు, వెనుక వరుసల్లో ఫ్యాన్ల కింద చోటు చూసుకుని కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

విశ్వవిద్యాలయాలు, పరిశ్రమలు, దేశదేశాల సహకారం, ఈ మూడింటినీ కలిపి పర్యావరణం గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. ఇంత పెద్ద విషయాన్ని ఏ కొస పట్టుకుని లాగాలా అని ఆలోచిస్తే, మన జిల్లాలోనే ఉన్న ఒక రాయి గుర్తుకు వచ్చింది. పోరుమామిళ్ల చెరువు దగ్గరి శాసనం అది. శక సంవత్సరం 1291లో, అంటే క్రీస్తు శకం 1369లో, విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించి వేయించిన సంస్కృత శాసనం. వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ల పని అని అందులో లెక్క కూడా చెక్కి ఉంది. మంచి చెరువుకు కావలసిన అంగాలు పన్నెండనీ, ఉండకూడని దోషాలు ఆరనీ ఆ శాసనం ఒక్కొక్కటిగా చెబుతుంది.

పన్నెండు అంగాల్లో ధర్మబుద్ధి గల రాజు ఒకడు, జలశాస్త్రం చదివిన పండితుడు ఒకడు, కట్టడం పని చేతనైన పనివాళ్ల గుంపు ఒకటి. గట్టి నేల, తియ్యని నీటి ఏరు, పొడుగాటి తిన్నని రాళ్లు దొరికే గని వంటివి మిగిలినవి. రాజు ఉన్న చోట ప్రభుత్వాన్నీ, పండితుడి చోట విశ్వవిద్యాలయాన్నీ, పనివాళ్ల చోట పరిశ్రమనూ పెట్టుకుంటే, ఇవాళ్టి సదస్సు ఆహ్వానపత్రిక 650 ఏళ్ల కిందటే అచ్చయిందనిపిస్తుంది. అయితే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి దోషాలు. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, చెరువు నడుమ మిట్ట ఉండడం, కొద్దిపాటి నీటికి విస్తారమైన పొలం, విస్తారమైన నీటికి కొద్దిపాటి పొలం. ఈ అయిదూ మట్టికీ నీటికీ సంబంధించినవి. ఆరోది మాత్రం మనుషులకు సంబంధించినది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం.

కారణం శాసనం చెప్పలేదు, చెప్పనక్కరలేదు కూడా. పూడిక ఎవరు తీయాలి, కట్ట తెగితే ఎవరు పూడ్చాలి, తూము ఎవరు ఎత్తాలి అన్నది తేలని చోట ఎంత మంచి చెరువైనా నిలవదు. ఆనాటి వాళ్లకు ఒక వెసులుబాటు ఉండేది. సరిహద్దు వదిలేసి లోపలికి జరిగి చెరువు కట్టుకోవచ్చు. గాలి విషయంలో మనకు ఆ వీలు లేదు. అది ఎప్పుడూ సరిహద్దులోనే ఉంటుంది. దేశానికీ దేశానికీ నడుమనే కాదు, కళాశాల ప్రహరీకీ కర్మాగారం ప్రహరీకీ నడుమ కూడా.

మనకు దగ్గరి ఉదాహరణ సిమెంటు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు వెలసింది కాళ్ల కింద సున్నపురాయి ఉండబట్టే. సున్నపురాయిలోని ముఖ్య పదార్థం కాల్షియం కార్బొనేటు. అది శుద్ధమైనది నూరు కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగిలి, 44 కిలోల బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) గాలిలో కలుస్తుంది. ఇది బొగ్గు మండించడం వల్ల వచ్చేది కాదు, రాతి కడుపులో నుంచి వచ్చేది. బట్టీని రేపు సూర్యరశ్మితో వేడి చేసినా ఈ 44 కిలోలు తగ్గవు. అందుకే సున్నపురాయిని మట్టితో కలిపి కాల్చగా వచ్చే సిమెంటు గడ్డలను, అంటే క్లింకరును తగ్గించి, దాని స్థానంలో వేరొకటి కలపడం తప్ప దగ్గరి దారి లేదు. ముద్దనూరు దగ్గరి థర్మల్ విద్యుత్ కేంద్రం వంటి చోట్ల వచ్చే బూడిదను 35 శాతం దాకా కలపడానికి మన ప్రమాణాలు ఒప్పుకుంటాయి. బాగానే ఉంది కానీ, బొగ్గు వాడకం తగ్గిన నాడు బూడిదా తగ్గుతుంది. అప్పుడేం కలుపుతాం?

ఈ ప్రశ్నకు ఒక జవాబు క్యూబాలోని శాంతాక్లారా విశ్వవిద్యాలయం, స్విట్జర్లాండులోని లొసాన్ సాంకేతిక విద్యాసంస్థ, మన ఢిల్లీ, మద్రాసు ఐఐటీలు కలిసి చేసిన పనిలో దొరికింది. కయోలిన్ అనే తెల్లని బంకమట్టి ఖనిజం ఉన్న మట్టిని దాదాపు 800 డిగ్రీల వద్ద కాల్చి, కాల్చని సున్నపురాయి పొడితో కలిపితే, మట్టిలోని అల్యూమినా, రాతిలోని కార్బొనేటు కలిసి కొత్త స్ఫటికాలుగా మారి సిమెంటు రంధ్రాలను పూడుస్తాయి. క్లింకరుకు 1,450 డిగ్రీల వేడి కావాలి. ఈ మట్టికి అంత అక్కరలేదు. సగం క్లింకరు, 30 శాతం కాల్చిన మట్టి, 15 శాతం సున్నపురాయి, 5 శాతం జిప్సం. ఈ పాళ్లలో కలిపిన సిమెంటును ఎల్‌సీ3 అంటున్నారు. మామూలు సిమెంటుతో పోలిస్తే బొగ్గుపులుసు వాయువు మూడోవంతు వరకూ తగ్గుతుంది. స్విస్ ప్రభుత్వం డబ్బు పెట్టింది, క్యూబాలోనూ మన దేశంలోనూ కర్మాగారాలు బట్టీలు ఇచ్చి ప్రయోగాలు చేయనిచ్చాయి, 2023లో భారతీయ ప్రమాణాల సంస్థ దీనికి ప్రమాణం రాసింది. సంపన్న దేశం నేర్పగా పేద దేశం నేర్చుకుందని దీన్ని చెబితే తప్పవుతుంది. సిమెంటుకూ ఇంధనానికీ కటకటలాడిన క్యూబా తన అవసరాన్ని తీసుకువచ్చింది, లొసాన్ తన పరికరాలను తెచ్చింది, మనం మన మట్టినీ మార్కెట్టునూ పెట్టాం. చేతిలో ఏమీ లేకుండా సహకారం కోసం వెళితే దక్కేది శాలువా, జ్ఞాపిక.

శాలువా అనుభవం నాకూ ఉంది. నేను పనిచేసిన ఒక కళాశాలలో ఒక కర్మాగారంతో అవగాహన ఒప్పందం కుదిరింది. పత్రికల్లో ఫొటో పడింది. ఆ తరువాత మూడేళ్లలో అక్కడి నుంచి ఒక్క గోతం నమూనా మా ప్రయోగశాలకు రాలేదు, మా నుంచి ఒక్క విద్యార్థి ఆ గేటు దాటలేదు. తప్పు వాళ్లదే అనను. ఏ రాయి పరీక్షించాలి, ఎన్నాళ్లలో ఫలితం ఇవ్వాలి, అది ఎవరిదవుతుంది అన్న మూడు మాటలు ఆ కాగితంలో మేమూ రాయలేదు.

ఇక ఒప్పందాల మాట పక్కన పెట్టి, నేను తెచ్చిన ఈ చిన్న పొట్లం చూడండి. తెల్లగా, ముగ్గుపిండిలా ఉంది కదా. ఇది బండల పాలిషింగ్ మిషన్ల దగ్గరి పొడి. సున్నపురాయి జాతికి చెందిన కడప బండలు మన ఇళ్లలో, వంటగట్ల మీద, దూరదేశాల్లో కూడా పరుచుకుని ఉన్నాయి; కోసేటప్పుడూ నునుపు చేసేటప్పుడూ నీళ్లతో కలిసి జారిన ఈ పొడి మాత్రం రోడ్ల పక్కనే గుట్టలు పడింది. ఎండితే గాలికి లేచి వేపాకుల మీద పేరుకుంటుంది, వాన పడితే పెచ్చు కట్టి నేలలోకి నీరు ఇంకనివ్వదు. పోయిన వేసవిలో ఇద్దరు విద్యార్థులతో వెళ్లి ఒక యూనిట్ యజమానిని రెండు గోతాలు ఇస్తారా అని అడిగాను. ఆయన నవ్వి, "రెండు గోతాలేంది అయ్యోరా, గుట్టంతా ఎత్తుకపోతామంటే ట్రాక్టరు బాడుగ నేనే ఇస్తా" అన్నాడు. పారబోయడానికి ఆయన ఇప్పటికే బాడుగ కడుతున్నాడు మరి.

ఎల్‌సీ3లో కలిపే సున్నపురాయికి క్లింకరు రాయికి ఉండవలసినంత శుద్ధి అక్కరలేదు. ఆ 15 శాతంలో మన బండల పొడి పనికివస్తుందా, అందులోని ఇసుకపాలు ఎంత, మన జిల్లా మట్టుల్లో కయోలిన్ ఎక్కడ ఎంత ఉంది అన్నవి కూర్చుని తేల్చవలసిన ప్రశ్నలు. పనికిరాదని తేలినా అది ఫలితమే. పరిశ్రమల వారు దీన్ని సేవగా చూడనక్కరలేదు. సిమెంటు, ఉక్కు, అల్యూమినియం వంటి సరుకుల తయారీలో వెలువడిన కర్బనాన్ని లెక్కగట్టి, ఐరోపా సమాఖ్య 2026 జనవరి నుంచి దిగుమతుల మీద రుసుము వేస్తోంది. ఆ లెక్క పద్ధతిగా కట్టగలిగిన వాళ్లు ఇకపై కర్మాగారాలకు కావాలి. ఆ మనుషుల్ని తయారు చేయవలసింది మేము. సుప్రీంకోర్టు ఆదేశాల వల్ల ప్రతి డిగ్రీ విద్యార్థీ చదివే పర్యావరణ పాఠం ఉంది. దాన్ని పరీక్ష ముందు రాత్రి గైడు తిరగేసి గట్టెక్కే పేపరుగా దిగజార్చింది మాత్రం మేమే. ఆ పేపరుకు బదులు ఒక్కో విద్యార్థి ఒక్కో యూనిట్‌లో ఎంత నీరు, ఎంత కరెంటు, ఎంత పొడి అని ఒక నెల లెక్క రాసుకు వస్తే, ఆ పుస్తకమే మనం లొసాన్‌కైనా శాంతాక్లారాకైనా పట్టుకుపోదగ్గది.

ఆ రెండు గోతాలు ప్రస్తుతం మా ప్రయోగశాలలో తలుపు పక్కన ఉన్నాయి. జల్లెడ పట్టడం అయింది, రసాయన విశ్లేషణ మొదలైంది. మట్టి కాల్చడానికి 800 డిగ్రీల వేడిని గంటల తరబడి నిలిపే కొలిమి మా దగ్గర లేదు. ముందు వరుసలో కూర్చున్న సిమెంటు కర్మాగారాల ప్రతినిధుల్లో ఎవరి నాణ్యత పరీక్షశాలలోనైనా ఆదివారాలు ఖాళీగా ఉండే కొలిమి ఉంటే, భోజనానికి లేచే ముందు నాకు కనిపించవలసిందిగా కోరుతున్నాను. మట్టి గోతాలు మేమే మోసుకువస్తాం.