ఏడ్చిన తలుపులు

శ్రోతలకు నమస్కారం. కడపలో మా ఇంటికి రంగులు వేసినప్పటి సంగతితో మొదలుపెడతాను. గోడలు అయిపోయాయి. ఎయిర్‌లెస్ స్ప్రే మిషన్ ఎలాగూ అద్దెకు తెచ్చుకున్నాము, ఇంకో పూట వాడితే ఏం పోతుందిలే అని, గోడలకు వాడిన టిప్పుతోనే తలుపులకు ఎనామెల్ కొట్టాను. తెల్లారి చూస్తే ప్రతి రెక్క మీదా పైనుంచి కిందికి చారలు. మా ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి, "గోడలు బాగుండాయి. తలుపులే ఏడుస్తా ఉండాయి" అంది.

తప్పు మిషన్‌ది కాదు, రంగుదీ కాదు. టిప్పు అడిగేటప్పుడు అద్దె షాపు పిల్లోడు "ఏ నంబరన్నా?" అన్నాడు. "ఏదో ఒకటి ఇయ్యప్పా" అన్నాను. అక్కడే చెడింది.

ఫర్నిచర్‌కు కొట్టే కంప్రెసర్ గన్‌లో రంగును తుంపర చేసేది గాలి. ఎయిర్‌లెస్‌లో ఆ గాలి ఉండదు. పంపు రంగునే గట్టిగా ఒత్తి, సన్నటి రంధ్రంలోంచి బయటికి తోస్తుంది. ఆ రంధ్రం ఉన్న ముక్కే టిప్పు. దాని మీద సాధారణంగా మూడంకెల నంబరు ఉంటుంది. నాకు ఆ రోజు ఇచ్చింది 517. దీన్ని ఐదు వందల పదిహేడు అని చదవకూడదు. ఐదు వేరు, పదిహేడు వేరు. మొదటి అంకెను రెట్టింపు చేస్తే, అడుగు దూరం నుంచి కొట్టినప్పుడు రంగు ఎన్ని అంగుళాల వెడల్పున పడుతుందో తెలుస్తుంది. ఐదుకు 10 అంగుళాలు. మిగతా రెండంకెలు రంధ్రం కొలత, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన. 17 అంటే మిల్లీమీటరులో సగం కూడా లేదు.

అంత సన్న రంధ్రంలో తేడా ఏముంటుందని అనుకోకండి. రంధ్రం వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పది పదులు 100. పదిహేడు పదిహేడులు 289. అంటే 10 నంబరు రంధ్రంతో పోలిస్తే 17లోంచి దాదాపు మూడింతల రంగు వస్తుంది. గోడకు చిక్కటి ఎమల్షన్ వేసేటప్పుడు అది వరం. నున్నటి తలుపు మీద ఎనామెల్‌కు పట్టు దొరకదు, ఎక్కువ పడితే జారిపోతుంది.

తలుపులకు, కిటికీ చట్రాలకు ఎనామెల్ గానీ వార్నిష్ గానీ కొట్టాలంటే రంధ్రం 8 నుంచి 12 లోపు ఉంటే మంచిది. ఇక వెడల్పు. మన ద్వారబంధాల ముఖం నాలుగైదు అంగుళాలే. దాని మీద 10 అంగుళాల పట్టీ పడితే సగం రంగు గోడకే పోతుంది. అక్కడ 210 సరిపోతుంది. తలుపు రెక్కకు 310 గానీ 410 గానీ. ఒక్క విషయం గుర్తుంచుకోండి. 310, 510 రెండింట్లోంచీ వచ్చే రంగు ఒకటే, రంధ్రం ఒకటే కాబట్టి. 510లో అదే రంగు ఎక్కువ వెడల్పుకు పరుచుకుంటుంది, పూత పలచనవుతుంది. చెయ్యి ఇంకా కుదరని వాళ్లకు ఆ పలచదనమే మేలని నా అభిప్రాయం.

సన్న టిప్పుకు, గన్‌లో రంగును వడగట్టే జాలీ కూడా సన్నదే కావాలి. గోడలకు వాడే 60 మెష్ జాలీ కంత, 10 నంబరు రంధ్రం, దాదాపు ఒకే కొలత. జాలీ దాటిన నలక టిప్పులో ఇరుక్కుంటుంది. 100 మెష్ వేసుకోవాలి, మెష్ నంబరు పెరిగేకొద్దీ కంత సన్నబడుతుంది. పాత డబ్బా రంగైతే ముందు గుడ్డలో వడగట్టండి. అయినా అడ్డం పడితే టిప్పును వెనక్కి తిప్పి, అట్టముక్క మీదికి ఒకసారి కొడితే నలక ఊడిపోతుంది.

ఒత్తిడిని కూడా ఆ అట్టముక్క మీదే చూసుకోవాలి. తక్కువ నుంచి మొదలుపెట్టి మెల్లగా పెంచండి. పట్టీకి రెండు అంచుల్లో చిక్కటి గీతలు కనిపిస్తుంటే ఒత్తిడి చాలలేదని అర్థం. గీతలు మాయమైన చోట ఆపేయండి. ఇంకా పెంచితే పొగమంచు లేచి కింద కడప బండల మీద పడుతుంది, తుడవలేక చస్తాము. ఈ పని కోసమే తక్కువ ఒత్తిడి టిప్పులు కూడా వచ్చాయి. మామూలు టిప్పు 2,000 పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి అన్ని పౌండ్ల ఒత్తిడి, అడిగే చోట ఇవి దాదాపు సగంతో పని కానిస్తాయి. ధర ఎక్కువే, కానీ తలుపులకు డబ్బు పెట్టదగ్గ వస్తువు అదే. కంపెనీ పేర్లు రేడియోలో చెప్పను.

అద్దె టిప్పు ఎంత అరిగిందో కూడా చూడండి. అరిగేకొద్దీ రంధ్రం పెద్దదై, పట్టీ సన్నబడుతుంది. ఆరంగుళాలు పడాల్సింది నాలుగున్నరే పడితే ఆ టిప్పు వద్దని తిరిగి ఇచ్చేయండి.

ఇంకో మాట, ఇది భయపెట్టడానికే చెబుతున్నాను. కారు టైరులో ముప్పై చిల్లర పీఎస్‌ఐ ఉంటుంది. ఇక్కడ దానికి అరవై రెట్లు. టిప్పు ముందు వేలు పెడితే రంగు చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. కట్టు కట్టుకుని ఊరుకోకండి, వెంటనే ఆసుపత్రికి పోయి, ఒత్తిడితో రంగు లోపలికి పోయిందని డాక్టరుకు చెప్పండి. టిప్పు మార్చేటప్పుడు మిషన్ ఆపి, ఒత్తిడి పూర్తిగా వదిలి, ట్రిగ్గర్ లాక్ వేశాకే చెయ్యి పెట్టాలి.

నా తలుపులు ఆరడానికి వారం పట్టింది. చారలన్నీ ఎమరీ పేపర్‌తో రుద్ది, 310 తెచ్చి, రెండు పలచటి పూతలు వేశాను. గడపకు మాత్రం టేపు, కాగితం అంటించి పక్కన పెట్టాను. దానికి పసుపు రంగు ఎనామెల్, ఎర్ర బొట్లు మా ఆవిడ బ్రష్‌తో వేసుకుంది. అక్కడికి మిషన్‌ను రానివ్వలేదు.